బడులు తెరిచేలోపు మిగిలిన ఆఖరి శని, ఆదివారాలు: రాజమండ్రి నుంచి ఎక్కడికి వెళ్ళొచ్చు?

ఇద్దరుపిల్లలతల్లి | జూన్ 1, 2025, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. పన్నెండో తారీఖు గురువారం బడులు తెరుస్తున్నారు. ఈ నెలన్నరలో మేం ఎక్కడికీ వెళ్ళలేదు. పక్క ఫ్లాట్ వాళ్ళు ఊటీ వెళ్ళొచ్చి రోజుకో ఫొటో చూపిస్తున్నారు. "బడి తెరిచాక టీచర్ సెలవుల్లో ఎక్కడికెళ్ళావని అడిగితే ఏం చెప్పనమ్మా?" అని మా పెద్దాడు రోజూ అడుగుతున్నాడు.

7వ తారీఖు శనివారం బక్రీద్, మా ఆయనకు బ్యాంకు సెలవు. 8 ఆదివారం. అంతకు మించి సెలవు దొరకదు. మేం ఐదుగురం: మేమిద్దరం, పిల్లలు ఇద్దరు (ఐదో తరగతి, రెండో తరగతి), అత్తయ్యగారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కలేరు. చిన్న కారు ఉంది. ఖర్చు ఎనిమిది వేలు దాటకూడదు. అరకు అనుకున్నాం కానీ రైల్లో అద్దాల పెట్టెకు టికెట్లు ఎప్పుడో అయిపోయాయి. కారులో వెళ్ళొచ్చా? ఈ చుట్టుపక్కల తిరునాళ్ళు, పండగలు ఏమైనా ఉన్నా చెప్పండి.

మన్యం_దారి | జూన్ 1, రాత్రి 10:40

అరకు ఇప్పుడు వద్దండి. రాజమండ్రి నుంచి విశాఖ 190 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఇంకో 115, అందులో ఘాట్ రోడ్డు. బడులు తెరిచే ముందు వారం ఊరంతా అక్కడే ఉంటుంది. పోయినేడు మేం ఇలాగే వెళ్ళాం. పిల్లలు రెండు రోజులూ చూసింది ముందు కారు నంబరు ప్లేటు. బొర్రా గుహల్లో మెట్లు కూడా ఎక్కువే, మీ అత్తయ్యగారు కారులోనే కూర్చోవాల్సి వస్తుంది.

మారేడుమిల్లి అయితే 85 కిలోమీటర్లే. పొద్దున్నే బయల్దేరితే రంపచోడవరంలో టిఫిను, మారేడుమిల్లిలో మధ్యాహ్నం బొంగు చికెన్. అడవిలో రోడ్డు బాగుంటుంది. కాకపోతే ఒక మాట ముందే చెప్పాలి. జలపాతాల వీడియోలు చూసి మోసపోకండి, అవన్నీ ఆగస్టు తర్వాత తీసినవి. ఇప్పుడు జలతరంగిణి దగ్గర రాళ్ళ మధ్య సన్నటి ధార ఉంటుంది, అంతే. సాయంత్రమైతే దోమలు, పిల్లలకు నిండు చేతుల చొక్కాలు వేయండి.

ఇద్దరుపిల్లలతల్లి | జూన్ 2, ఉదయం 6:15

థాంక్సండీ. నీళ్ళు లేని జలపాతం అంటే మా చిన్నది అక్కడే కూర్చుని ఏడుస్తుంది. పాపికొండలు ఎలా ఉంటుంది? లాంచీ అంటే పిల్లలు ఎగిరి గంతేస్తారు.

గోదారిగట్టు | జూన్ 2, ఉదయం 7:05

అమ్మా, నేను ధవళేశ్వరంలో పుట్టి పెరిగినవాణ్ణి, నీటిపారుదల శాఖలో చేసి రిటైరయ్యాను. పాపికొండలు బాగుంటాయి, అందులో సందేహం లేదు. కానీ మీ ఇంటి మనుషుల లెక్క చూసి చెప్తున్నాను, ఇప్పుడు వద్దు.

లాంచీలు ఇప్పుడు గండి పోచమ్మ గుడి వైపు నుంచి నడుస్తున్నాయి. పొద్దున బస్సులో వెళ్ళి లాంచీ ఎక్కితే పేరంటాలపల్లి చూసి తిరిగి ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ బల్లచెక్క మీద నడవాలి, గట్టు మీద ఇసుకలో ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి అది శిక్ష. పైగా జూన్‌లో సాయంకాలం ఉన్నట్టుండి గాలి లేస్తుంది, అప్పుడు లాంచీలు ఆపేస్తారు. ఆపడమే మంచిది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగిన సంగతి ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. ఎప్పుడు వెళ్ళినా లైఫ్ జాకెట్ ఫొటో కోసం తీసేయొద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి.

అడ్వాన్సు విషయం కూడా చూసుకోండి. ఒక ఏజెంటు నా దగ్గర అడ్వాన్సు తీసుకుని ట్రిప్పు రద్దు చేశాడు. ఆ డబ్బు వెనక్కి రావడానికి ఇరవై రోజులు తిరిగాను.

నాంపల్లి_మామ | జూన్ 2, ఉదయం 9:30

ఎనిమిదో తారీఖు మృగశిర కార్తె. ఆ రోజు, మర్నాడు మా నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం వాళ్ళ చేప ప్రసాదం. ఎక్కడెక్కడి నుంచో లక్షల మంది వస్తరు. మీరు కూడా రండి, పిల్లలకు హైదరాబాద్ చూపించినట్టు అవుతది.

ఉప్పుటేరు | జూన్ 2, ఉదయం 9:48

మామా, ఆవిడ అడిగింది పిల్లలతో సరదాగా తిరగడానికి. గంటల తరబడి లైన్లో నిలబడి, బతికున్న కొర్రమీను పిల్లను పిల్లల చేత మింగించడం సరదానా? దాంతో ఉబ్బసం తగ్గుతుందని డాక్టర్లు ఎవరూ చెప్పలేదు.

నాంపల్లి_మామ | జూన్ 2, ఉదయం 10:02

మింగమని నేను అన్ననా? చూడమన్న. 1845 నుంచి ఇస్తున్నమని వాళ్ళు చెప్తరు. నమ్మేవాళ్ళు మింగుతరు, నమ్మనివాళ్ళు పక్కన నిలబడి మిర్చి బజ్జీ తింటరు. శాకాహారులకు బెల్లంలో పెట్టి కూడా ఇస్తరు.

నిర్వాహకుడు | జూన్ 2, ఉదయం 11:20

చేప మందు పనిచేస్తుందా లేదా అన్న చర్చ ఏటా ఈ వారంలో ఇక్కడ వస్తుంది, ఏటా తెగదు. దానికి వేరే చర్చ ఉంది, అక్కడ కొట్టుకోండి. ఇది రాజమండ్రి నుంచి రెండు రోజుల ప్రయాణం గురించి.

పెద్దాపురం_ఆడపడుచు | జూన్ 2, మధ్యాహ్నం 1:15

తిరునాళ్ళ సంగతి అడిగారు కదా వదినా. ఇది జ్యేష్ఠం. మన వైపు అమ్మవార్ల సందడంతా ఆషాఢంలో. మా మరిడమ్మ జాతర జ్యేష్ఠ అమావాస్య రాత్రి మొదలై ఆషాఢమంతా జరుగుతుంది. ఈసారి అమావాస్య 25న, అంటే బడులు తెరిచాక. తుని దగ్గర తలుపులమ్మ లోవ కూడా అంతే, ఆషాఢం ఆదివారాల్లో కాలు పెట్టే చోటుండదు. ఊళ్ళకు ఊళ్ళు వచ్చి అక్కడే పొయ్యి పెట్టి, వండుకుని, తిని వెళ్తారు. నిజానికి పిల్లలకు అదే పెద్ద పిక్నిక్. ఆషాఢంలో ఒక ఆదివారం చూసుకోండి, ఇప్పుడు వస్తే ఖాళీ కొండ చూసి వెళ్తారు.

ఈ వారంలో అయితే ఒకటే ఉంది, 11 బుధవారం ఏరువాక పున్నమి. అది టికెట్టు కొని చూసేది కాదు, ఎవరి ఊళ్ళో వాళ్ళు చేసుకునేది. మీకు ఊరు ఉందా?

ఇద్దరుపిల్లలతల్లి | జూన్ 2, మధ్యాహ్నం 2:40

అత్తయ్యగారి పుట్టిల్లు మండపేట దగ్గర. రెండెకరాలు ఉంది, కౌలుకిచ్చాం. కానీ బుధవారం మా ఆయనకు ఆఫీసు. మర్నాడే బడి. పుస్తకాలకు అట్టలు వేయాలి, యూనిఫాంలు ఇంకా దర్జీ దగ్గరే ఉన్నాయి. కుదరదేమో.

ఉప్పుటేరు | జూన్ 2, సాయంత్రం 5:20

మా కాకినాడ వైపు రండి. అరవై, అరవై ఐదు కిలోమీటర్లు, రోడ్డు మంచిదే. చొల్లంగి దగ్గర కోరింగ మడ అడవి ఉంది. చెట్ల మధ్య నుంచి చెక్క వంతెన వేశారు, మెట్ల బాధ లేదు, మీ అత్తయ్యగారు మెల్లగా నడవొచ్చు. సముద్రం పోటు ఉన్నప్పుడు వెళ్తే నీళ్ళు చెట్ల వేళ్ళ దాకా వస్తాయి, పాటు ఉన్నప్పుడు బురదలో పీతలు, బురద మీద గెంతే చేపలు కనపడతాయి. పిల్లలకు రెండోదే ఇష్టం. మధ్యాహ్నం మాత్రం వద్దు, మడ అడవిలో గాలి ఆడదు, ఉక్కతో చచ్చిపోతారు. ఉదయం వెళ్ళి పదిన్నరకల్లా బయటపడండి.

ఇంకో విషయం. మృగశిర రోజున చేప తినాలని అందరూ ఉప్పాడ వైపు ఎగబడతారు. జూన్ 14 దాకా మరబోట్లు సముద్రం మీదికి పోకూడదు, ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం. చిన్న తెప్పల మీద తెచ్చేదే సముద్రం చేప, అది తక్కువ, రేటు ఎక్కువ. ఆ రోజు మీ పళ్ళెంలోకి వచ్చేది చాలావరకు చెరువు చేపే. అది రాజమండ్రిలోనూ దొరుకుతుంది. చేప కోసం మాత్రం ఇంత దూరం రావద్దు.

మన్యం_దారి | జూన్ 2, సాయంత్రం 5:31

పులస దొరుకుతుందా అన్నా?

ఉప్పుటేరు | జూన్ 2, సాయంత్రం 5:34

గోదారికి ఎర్రనీళ్ళు రాకుండా పులస ఎలా వస్తుంది తమ్ముడూ! జూలై, ఆగస్టు దాకా ఆగు. ఈలోగా పుస్తెలు జాగ్రత్త పెట్టమని మరదలికి చెప్పు.

నల్లమందుసందు_భాయ్ | జూన్ 3, ఉదయం 8:10

శనివారం పొద్దున మా నమాజు అయ్యేదాకా ఈద్గా చుట్టుపక్కల ట్రాఫిక్ ఆపుతారు. ఊరు దాటాలంటే ఏడు లోపే దాటండి, లేదా పదయ్యాక బయల్దేరండి. మా పిల్లలు కూడా మిమ్మల్ని ఆడిపోసుకుంటున్నట్టే నన్ను ఆడిపోసుకుంటున్నారు. పండగ రోజు చుట్టాలు, ఆదివారం మిగిలిన మాంసం పంపకాలు, ఇక మేమెక్కడికి వెళ్తాం! శనివారం సాయంత్రం రాజమండ్రిలోనే ఉంటే మా ఇంటికి రండి. శాకాహారం అయితే షీర్ ఖుర్మా ఉంటుంది, అది రంజాన్‌దే అని ఎవరూ సరిదిద్దొద్దు, మా అమ్మ రెండు పండగలకూ చేస్తుంది.

గోదారిగట్టు | జూన్ 3, ఉదయం 9:00

అమ్మా, ఇంత చదివాక నా మాట చెప్తాను. మనం ఇక్కడే ఉంటాం కాబట్టి ఇక్కడివి చూడం. మీ పెద్దాడు ధవళేశ్వరం బ్యారేజీ మీద ఎన్నిసార్లు వెళ్ళుంటాడు? ఒక్కసారైనా దిగాడా?

శనివారం పొద్దున ఆరుకల్లా ధవళేశ్వరం రండి. కాటన్ మ్యూజియం తెరిచే వేళ ముందు కనుక్కోండి. తెరవకపోయినా నష్టం లేదు, బయట గోదారి ఉంది. ఆనకట్ట కట్టడం 1847లో మొదలై 1852లో అయింది. అంతకు ముందు పక్కనే గోదారి పారుతున్నా ఈ డెల్టాలో కరువుకు జనం పోయారు. ఇప్పుడు మీరు చూసే బ్యారేజీ తర్వాత కట్టింది, పాతది కాదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు పాయల మీద కలిపి 175 గేట్లు. పిల్లలను లెక్కపెట్టమనండి. ధవళేశ్వరం వైపు పాయకే 70. అక్కడితోనే అలిసిపోతారు, మీకు గంట ప్రశాంతంగా ఉంటుంది.

అక్కడి నుంచి బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక దాటితే ఆత్రేయపురం. పూతరేకులు డబ్బాలో కొనడం వేరు, వేస్తుంటే చూడటం వేరు. బోర్లించిన కుండ కింద మంట, పలచటి గుడ్డను పిండిలో ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు లేచి వస్తుంది. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కానీ ఆ మంట ముందు కూర్చునే ఆడవాళ్ళకు సెగ తగ్గలేదు. వాళ్ళ ఇంటి ముందు నిలబడి ఫొటోలు తీసి వచ్చేయకండి, నాలుగు డబ్బాలు వాళ్ళ దగ్గరే కొనండి. ఇదే సమయంలో తాండ్ర కూడా చూడొచ్చు. చాపల మీద మామిడి గుజ్జు పొర మీద పొర వేసి ఎండబెడతారు. రెండు వానలు పడ్డాయంటే ఆ పని అయిపోయినట్టే, కాబట్టి ఇదే ఆఖరు.

ఆదివారం కడియం. మిగతావాళ్ళు చెప్తారు.

లంకపూలు | జూన్ 3, ఉదయం 11:45

గట్టు బాబాయిగారు నా పేరు చెప్పకుండానే నన్ను పిలిచారు. మాది కడియపులంక. ఆదివారం తెల్లారేసరికి మా పూల మార్కెట్‌కి రండి. బంతి, చామంతి, లిల్లీ, కనకాంబరం కుప్పలు పోసి ఉంటాయి, ఎండెక్కితే చూడటానికి ఏమీ మిగలదు. తర్వాత నర్సరీలు. కడియపు సావరం, వీరవరం, బుర్రిలంక, ఎటు వెళ్ళినా మొక్కలే.

మీరు కొనేటప్పుడు మూడు మాటలు గుర్తుంచుకోండి. పూలు విరగబూసిన మొక్క కొనొద్దు, ఇంటికెళ్ళాక రాలిపోతుంది, మొగ్గలున్నది తీసుకోండి. రోడ్డు మీదున్న పెద్ద నర్సరీ కన్నా లోపల పుంతలో ఉన్న చిన్న నర్సరీలో బేరం బాగుంటుంది. కారు ఎండలో పెట్టి, అందులో మొక్కలుంచి భోజనానికి వెళ్ళొద్దు. ఇది ప్రతి వారం జరిగే ఘోరం. సాయంత్రం ఫోన్ చేసి "మీ మొక్క వాడిపోయింది" అంటారు. మొక్క మాది, కారు ఎవరిది?

పిల్లలకు చెరో మొక్క ఏరుకోమనండి. మృగశిర వచ్చాక వేస్తే పెద్ద సేవ లేకుండానే నాటుకుంటుంది.

నాంపల్లి_మామ | జూన్ 3, మధ్యాహ్నం 12:30

చేప తిననివాళ్ళు మృగశిర రోజు ఇంగువ, బెల్లం కలిపి ఉండ చేసి తినాలె. ఒంట్లో వేడి నిలవడానికి అంటరు మా దిక్కు. మీ అత్తమ్మకు చెప్పండి. ఇది కూడా డాక్టర్లు చెప్పలేదు, ఉప్పుటేరు సార్.

ఉప్పుటేరు | జూన్ 3, మధ్యాహ్నం 12:41

బెల్లానికి నేనెప్పుడు అడ్డు చెప్పాను మామా.

డాలస్_బాబాయి | జూన్ 3, రాత్రి 8:55

ఇక్కడ వేసవి ముగింపు సెలవు సెప్టెంబరు మొదటి సోమవారం. ఆ మూడు రోజులూ ఊరంతా చెరువుల ఒడ్డున మాంసం కాలుస్తూ ఉంటుంది. మేం పాతిక కుటుంబాలం కలిసి పార్కులో పులిహోర తింటాం. ఎనిమిది వేలతో రెండు రోజులు! ఇక్కడ ఆ డబ్బు పార్కింగ్‌కీ పెట్రోలుకీ చాలదు. తాండ్ర పార్శిల్ ఎవరైనా పంపిస్తారా?

ఇద్దరుపిల్లలతల్లి | జూన్ 4, రాత్రి 9:30

అందరికీ థాంక్స్. గట్టు బాబాయిగారి లెక్కే ఖాయం చేశాం. మా ఆయన మొదట "కడియం చూడటానికి సెలవెందుకు, ఆఫీసుకెళ్తూ రోజూ చూస్తున్నాను" అన్నారు. అత్తయ్యగారు మాత్రం పూతరేకులు అనగానే చీర తీసి పెట్టుకున్నారు.

ఇద్దరుపిల్లలతల్లి | జూన్ 9, ఉదయం 10:50

వెళ్ళొచ్చాం. చెప్పమన్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్తున్నాను.

శనివారం ఆరుకల్లా అనుకున్నది ఏడున్నర అయింది. తప్పు నాది, పులిహోర కలపడంలో ఆలస్యం. భాయ్‌గారు చెప్పినట్టే రోడ్డు ఆపారు, ఇరవై నిమిషాలు అక్కడే. బ్యారేజీ దగ్గర పెద్దాడు గేట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. 43 దగ్గర చిన్నది "అదిగో కొంగ" అంది, లెక్క తప్పాడు, వాళ్ళిద్దరికీ యుద్ధం. మళ్ళీ మొదటి నుంచి. ఎండ భరించలేక మేం కారులోకి వచ్చేశాం, వాడు మాత్రం 70 దాకా వెళ్ళి వచ్చాడు. మ్యూజియంలో ఆనకట్ట నమూనా దగ్గర మా ఆయనే ఎక్కువసేపు నిలబడ్డారు.

ఆత్రేయపురంలో ఒకావిడ మా చిన్నదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని గుడ్డ చేతికిచ్చింది. వేసిన మొదటి రేకు చిరిగింది, రెండోది చిరిగింది, మూడోది సగం వచ్చింది. ఆ సగం రేకులోనే నెయ్యీ బెల్లం వేసి చుట్టి ఇచ్చిందావిడ. డబ్బులు తీసుకోలేదు. మేం ఆరు డబ్బాలు కొన్నాం. అనుకున్నదానికన్నా ఎక్కువే ఖర్చయింది అక్కడ. సాయంత్రం భాయ్‌గారింటికి వెళ్ళాం, వాళ్ళ అమ్మగారికి మా అత్తయ్యగారు మోకాళ్ళ తైలం పేరు చెప్పారు, ఆవిడ ఈవిడకి షీర్ ఖుర్మా చెప్పారు.

ఆదివారం మార్కెట్‌కి మాత్రం టైముకే వెళ్ళాం. అత్తయ్యగారు కనకాంబరాల కుప్ప పక్కనుంచి కదలరే! చిన్నప్పుడు మండపేట సంతలో కొనేదాన్ని అంటూ కథ మొదలుపెట్టారు. పెద్దాడు నిమ్మ మొక్క, చిన్నది మందారం. నాకొక మల్లె. లంకపూలు గారూ, మధ్యాహ్నం భోజనానికి ఆగినప్పుడు మొక్కల్ని హోటల్లోకి తీసుకెళ్ళి కుర్చీ కింద పెట్టాం, సర్వరు వింతగా చూశాడు. మొత్తం ఖర్చు ఏడు వేల నాలుగు వందలు.

మధ్యాహ్నం రెండు గంటల ఎండ గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. మృగశిర వచ్చినా ముంగిలి చల్లబడలేదండీ, రోహిణి ఇంకా పోలేదు.

లంకపూలు | జూన్ 9, ఉదయం 11:30

కుర్చీ కింద పెట్టారంటే మీరే మా అసలు కస్టమరు. మందారానికి రోజూ నీళ్ళు, నిమ్మకు తక్కువ.

పెద్దాపురం_ఆడపడుచు | జూన్ 9, మధ్యాహ్నం 12:05

మరి ఏరువాక?

ఇద్దరుపిల్లలతల్లి | జూన్ 11, రాత్రి 9:15

వెళ్ళాం! అత్తయ్యగారు ఆదివారం ఆ కనకాంబరాల దగ్గర మొదలుపెట్టిన కథ మంగళవారం దాకా ఆపలేదు. మా ఆయన ఆఫీసుకెళ్ళారు, మేం నలుగురం బస్సులో మండపేట, అక్కడి నుంచి ఆటో.

అత్తయ్యగారు చెప్పిన ఏరువాక వేరు. వాళ్ళ చిన్నప్పుడు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, గంటలు కట్టి, పొంగలి పెట్టేవారట. ఊరి మొదట్లో గోగునార తోరణం కడితే రైతులు చర్నాకోలలతో కొట్టేవారట, తెగిన నార ముక్క ఇంటికి తెచ్చుకునేవారట. ఇప్పుడు ఊరంతా కలిపి రెండు జతల ఎద్దులు కనపడ్డాయి. మా కౌలు రైతు ట్రాక్టరు కడిగి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి కొబ్బరికాయ కొట్టాడు. "దీనికి కొమ్ములేవి నానమ్మా" అని చిన్నది అడిగింది. అత్తయ్యగారు ముందు బల్బులు చూపించి అవే అన్నారు. పెద్దాణ్ణి ట్రాక్టరు మీద కూర్చోబెట్టి పొలం గట్టు దాకా తిప్పాడు. దిగి వచ్చాక ఒంటి నిండా దుమ్ము, ఊటీ మాట ఎత్తలేదు.

అట్టలు ఇంకా వేయలేదు. ఇప్పుడు కూర్చుంటున్నాను, ఇరవై రెండు పుస్తకాలు.

గోదారిగట్టు | జూన్ 11, రాత్రి 9:40

ఎద్దులు రెండు జతలైనా ఉన్నాయంటే మీ ఊరు నయం. మా వైపు ఆ రెండూ లేవు.

ఇద్దరుపిల్లలతల్లి | జూన్ 12, సాయంత్రం 4:50

టీచర్ అసలు అడగనే లేదట! టైం టేబుల్ రాయించి, రెండు లెక్కలు ఇచ్చి పంపారట. ఇప్పుడు వాడు మెట్ల మీద కూర్చుని ఊటీ వాళ్ళబ్బాయికి డెబ్బై గేట్ల గురించి చెప్తున్నాడు. ఆ అబ్బాయి నమ్మడం లేదు.

ఉప్పుటేరు | జూన్ 12, సాయంత్రం 5:15

పదిహేను నుంచి బోట్లు సముద్రంలోకి వెళ్తున్నాయి. మా రేవు వైపు రావాలంటే ఆ తర్వాతి ఆదివారం రండి, చేప సంచి మీరే తెచ్చుకోండి.